మధ్యగట్టు మీద పొయ్యి పెట్టేముందు పొగ దారి చూడండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో సొంతింటి పేజీలో ఐలాండ్ వంటగదుల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి. వంటగది మధ్యలో నల్ల గ్రానైట్ గట్టు, దాని మీద నాలుగు బర్నర్ల పొయ్యి, పైన వేలాడుతున్న గాజు చిమ్నీ. అయితే ఆ చిమ్నీ పీల్చిన పొగ ఎటు పోతుందో, దాన్ని బయటికి పంపడానికి ఎంత ఖర్చవుతుందో ఒక్క వాక్యమైనా రాయలేదు. అది తెలియక డబ్బు పోగొట్టుకుంటున్న కుటుంబాలను దగ్గరగా చూస్తున్నాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను నల్గొండలో ఎలక్ట్రీషియన్‌ను. ఐటీఐ చదివి ఇళ్ల వైరింగుతో పని మొదలుపెట్టాను. ఇప్పుడు ఎక్కువగా గీజర్లు, ఏసీలు, చిమ్నీలు బిగిస్తున్నాను. మిర్యాలగూడ, దేవరకొండ, నకిరేకల్ వైపు కూడా పనికి వెళ్తుంటాను. కొత్త ఇళ్లలో ఈమధ్య అందరూ అడిగేది ఒకటే: "అన్నా, ఐలాండ్‌కు తక్కువ ధరలో మంచి చిమ్నీ ఏదో చెప్పు." నేను కంపెనీ పేరు చెప్పేముందు తలెత్తి స్లాబు వైపు చూస్తాను.

గోడకు బిగించే చిమ్నీలు పదివేల రూపాయల దరిదాపుల్లోనే దొరుకుతాయి. ఐలాండ్ చిమ్నీ సాధారణంగా ఇరవై వేల పైమాటే, యాభై వేలు దాటేవీ ఉన్నాయి. ఎక్కువ ధర పెడుతున్నాం కాబట్టి మోటారు కూడా అంత బలంగా ఉంటుందని చాలామంది నమ్ముతారు. నిజానికి రెండింటిలో మోటారు ఒకే రకానిది కావచ్చు. నాలుగు వైపులా కనిపించే స్టీలు కవరుకు, కప్పు నుంచి వేలాడదీసే ఫ్రేముకు ఆ అదనపు డబ్బు పోతుంది. ఇక పైపు, స్లాబుకు లేదా గోడకు రంధ్రం, సీలింగ్ విప్పి మళ్లీ కట్టడం, ఇవేవీ ఆ ధరలో ఉండవు. మధ్యతరగతి ఇంట్లో బడ్జెట్ తలకిందులయ్యేది ఇక్కడే.

దేవరకొండ రోడ్డు వైపు ఒక కొత్త కాలనీలో ఉపాధ్యాయ దంపతులు ఇల్లు కట్టుకున్నారు. కింద వాళ్లు, పైన అద్దెకిచ్చే వాటా. గృహప్రవేశానికి ముందు నన్ను పిలిచారు. చిమ్నీ పెట్టె అప్పటికే హైదరాబాద్ నుంచి వచ్చి హాల్లో ఉంది. "పైపు ఎటు తీయాలి మేడం?" అని అడిగాను. "పైపే అక్కర్లేదన్నారు తమ్ముడూ. లోపల బొగ్గు ఫిల్టరు ఉంటుందట, గాలిని శుభ్రం చేసి మళ్లీ గదిలోకే వదులుతుందట" అని ఆమె చెప్పారు. అమ్మిన దుకాణంవారు అబద్ధం చెప్పలేదు. కానీ చెప్పాల్సింది చెప్పలేదు. బొగ్గు ఫిల్టరు వాసనను కొంత పట్టుకుంటుంది, జాలీ నూనెను కొంత పట్టుకుంటుంది. వేడి, ఆవిరి, గ్యాసు మండినప్పుడు పుట్టే వాయువులు తిరిగి వంటచేసే మనిషి ముఖానికే వస్తాయి. ఆ బొగ్గును కడిగి వాడుకోవడం కుదరదు. వాడకాన్ని బట్టి మూడు నుంచి ఆరు నెలలకు కొత్తది వేయాలి. రోజూ పోపు, వారానికి రెండుసార్లు చేపల వేపుడో మాంసమో వండే ఇంటికి అది చాలదు.

పైపు వేద్దామంటే దారి దొరకలేదు. నేరుగా పైకి రంధ్రం కొడితే అది పై వాటా పడకగదిలో తేలుతుంది. పక్కకు తీసుకెళ్దామంటే బయటి గోడ పదకొండు అడుగుల దూరంలో ఉంది, మధ్యలో ఒక బీము. ఫాల్స్ సీలింగ్‌కూ స్లాబుకూ మధ్య ఉన్న సందు అయిదు అంగుళాలే, ఆరంగుళాల పైపు అందులో పట్టదు. కొత్తగా రంగు వేసిన సీలింగ్‌ను ఆ వైపంతా విప్పి, కిందికి దించి మళ్లీ కట్టించారు. దానికే చిమ్నీ ధరలో సగం అయింది. ఇంటి నక్షా గీసినప్పుడే చిమ్నీ పైపును ఒక గీతగా చూపించి ఉంటే ఈ ఖర్చు ఉండేది కాదు. నీళ్ల పైపులు, డ్రైనేజీ, వైరింగ్ అన్నీ గీసే డిజైనర్లు ఈ ఒక్క గీతను ఎందుకు వదిలేస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నాకు ఆ దంపతుల మీద జాలి, డిజైనర్ మీద కోపం కలిగాయి.

పైపు విషయంలో ఇంకో మోసం తరచుగా జరుగుతుంది. సీలింగ్‌లో ఇరుకు అని, గోడకు పెద్ద రంధ్రం ఎందుకని, ఆరంగుళాల నోరు ఉన్న చిమ్నీకి నాలుగంగుళాల పైపు తగిలిస్తారు. చూసేవాళ్లకు రెండంగుళాలే తేడా. లెక్క చూస్తే ఆరంగుళాల పైపులో గాలి పోయే చోటు 36 పాళ్లయితే నాలుగంగుళాల దానిలో 16 పాళ్లే, అంటే సగం కూడా లేదు. మోటారు అరుస్తుంది, పొగ మాత్రం గట్టు మీదే తిరుగుతుంది. కస్టమరు చిమ్నీని తిట్టుకుంటారు. ముడతల అల్యూమినియం పైపును సాగదీయకుండా మెలికలు తిప్పి వదిలేసినా ఇదే పరిస్థితి. పైగా ఆ ముడతల్లో నూనె పేరుకుని నిప్పంటుకునే ప్రమాదం. లోపల నున్నగా ఉండే జీఐ (జింకు పూత వేసిన ఇనుము) రేకు పైపు మంచిది. మలుపులు వీలైనంత తక్కువగా ఉండాలి. తొంభై డిగ్రీల ఎల్బో, అంటే పైపును మలుపు తిప్పే ముక్క, ఒక్కటి వేసేకన్నా నలభై అయిదు డిగ్రీలవి రెండు వేస్తే గాలి సులువుగా పోతుంది. బయటి చివర పురుగులు, పిట్టలు రాకుండా మూత పెట్టాలి, అది పక్కింటి కిటికీ వైపు ఉండకూడదు. మన కాలనీల్లో ఇంటికీ ఇంటికీ మధ్య మూడు నాలుగు అడుగులే ఉంటాయి, ఈ కారణంగా గొడవలైన ఇళ్లు నాకు తెలుసు.

పెట్టె మీద 1200, 1500 అని వేసే అంకె గంటకు లాగే గాలి, ఘనపు మీటర్లలో. ఆ కొలతను ఇంట్లో ఉండే పైపు, మలుపులు లేకుండా తీస్తారు. పైపు తగిలించాక అది తగ్గుతుంది. ఎంత కావాలో మనమే లెక్క వేసుకోవచ్చు. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న మూసిన వంటగది అంటే దాదాపు 34 ఘనపు మీటర్ల గాలి. గంటకు పన్నెండుసార్లు ఆ గాలి మారాలనుకుంటే సుమారు 410 చాలు. ఐలాండ్ ఉన్న ఇళ్లలో వంటగదికీ భోజనాల హాలుకూ గోడ ఉండదు కాబట్టి రెండూ కలిపి చూడాలి. 24 అడుగులకు 12 అడుగుల హాలైతే 82 ఘనపు మీటర్లు, గంటకు 980. అందుకని 1200 చిమ్నీకి సరైన ఆరంగుళాల పైపు వేసిన ఇల్లు, 1500 చిమ్నీకి నాలుగంగుళాల పైపు వేసిన ఇంటికన్నా చాలా బాగా ఉంటుంది. డబ్బు తక్కువగా ఉన్నవాళ్లు అంకె తగ్గించుకుని ఆ మిగిలింది పైపు మీద పెట్టండి. గాజుకు, చేయి ఊపితే వెలిగే సెన్సరుకు, రంగు లైట్లకు పెట్టే డబ్బు కూడా పైపు మీదే పెట్టండి.

వెడల్పు విషయంలో మాత్రం తగ్గవద్దు. గోడ పక్కన పొయ్యి ఉంటే గోడ పొగను ఒకవైపు ఆపుతుంది. మధ్యగట్టు మీద నాలుగు వైపులా గాలి ఆడుతుంది. కాబట్టి చిమ్నీ పొయ్యి కన్నా ప్రతి వైపు మూడు అంగుళాలైనా ఎక్కువ ఉండాలి. నాలుగు బర్నర్ల పొయ్యికి 90 సెంటీమీటర్ల చిమ్నీయే సరి. పొయ్యికీ చిమ్నీకీ మధ్య 26 నుంచి 30 అంగుళాలు, లేదా కంపెనీ పుస్తకంలో రాసినంత. తల తగులుతుందని మూడున్నర అడుగుల పైకి ఎత్తించుకున్న ఇళ్లున్నాయి, అక్కడ పొగ చిమ్నీని చేరకముందే చెదిరిపోతుంది. ఇంకో మాట. భోజనాల బల్ల మీద సీలింగ్ ఫ్యాను తిరుగుతుంటే ఎంత పెద్ద చిమ్నీ అయినా ఓడిపోతుంది. వేపుళ్లు చేసేటప్పుడు ఆ ఫ్యాను ఆపి, దూరంగా ఉన్న ఒక కిటికీ కొద్దిగా తెరవండి, బయటికి పోయిన గాలికి బదులు లోపలికి గాలి రావాలి. పొయ్యి వెలిగించడానికి రెండు నిమిషాల ముందు చిమ్నీ వేసి, వంటయ్యాక ఇంకో పది నిమిషాలు ఉంచండి. కరెంటు గురించి భయపడేవారికి: 200 వాట్ల మోటారు రోజుకు రెండు గంటలు తిరిగినా నెలకు 12 యూనిట్లే.

బిగింపు మాట కూడా చెప్పాలి. ఐలాండ్ చిమ్నీ ఇరవై కిలోల పైన బరువుంటుంది. ఫాల్స్ సీలింగ్ ఫ్రేముకు వేలాడదీస్తే ఒకనాడు పొయ్యి మీద పడుతుంది. స్లాబులోకి యాంకర్ ఫాస్టెనర్లు (కాంక్రీటులో బిగుసుకునే బోల్టులు) దిగాల్సిందే, ఈ పని దగ్గరుండి చూసుకోండి.

ఇంతకూ తక్కువ ఖర్చు దారి ఏదంటే, నా మాట ఇది. మధ్యగట్టు కావాలంటే కట్టుకోండి, దాని మీద కూరలు తరగండి, పిల్లలకు టిఫిను పెట్టండి. పొయ్యిని మాత్రం బయటి గోడకు ఆనించండి. మన పెద్దలు పొయ్యి ఆగ్నేయ మూలన ఉండాలని పట్టుబడతారు. ఆ మూల రెండు బయటి గోడలు కలిసే చోటు కాబట్టి పొగకు రెండు వైపులా దారి ఉంటుంది. అక్కడ గోడ చిమ్నీ, అడుగున్నర పైపు, ఒక్క మలుపు సరిపోతాయి. పాత మిద్దెల్లో కప్పుకు గవాచి, అంటే పొగ పోయే రంధ్రం, వదిలి, దానికి దగ్గరగా పొయ్యి వేసేవారు. పొగ తనంతట తానే పైకి పోయేది.

ఇప్పటికే మధ్యగట్టు మీద పొయ్యి పెట్టించుకుని, ఐలాండ్ చిమ్నీ కొనే స్తోమత లేనివారికి ఇంకో దారి ఉంది. కర్రీ పాయింట్లకు, హాస్టళ్లకు స్టీలు రేకుతో హుడ్ చేసే ఫ్యాబ్రికేటర్లు మన పట్టణాల్లో ఉన్నారు. వారితో పొయ్యి కొలతకు హుడ్ చేయించి, కింద బాఫిల్ ఫిల్టర్లు (నూనెను ఆపే మడతల స్టీలు పళ్లేలు) పెట్టి, పైపు మధ్యలోనే ఇమిడే ఇన్‌లైన్ ఫ్యాను వేయించవచ్చు. అందం తక్కువ, పని గట్టి. మోటారు తల మీద ఉండదు కాబట్టి చప్పుడూ తక్కువే. ఇంట్లోనే పిండివంటలు చేసి అమ్మే ఒక అక్కకు ఇలాగే అమర్చాను, సంక్రాంతికి సకినాలు వేయించే రోజుల్లో కూడా ఆమె ఇంట్లో కళ్లు మండడం లేదు. బాఫిల్ పళ్లేలను వారానికోసారి వేడినీళ్లు, సబ్బుతో కడగాలి. బోరు నీళ్లతో కడిగితే వెంటనే తుడవండి, లేకపోతే తెల్లటి మరకలు పడతాయి. ఆటోక్లీన్ అని రాసి ఉన్నా అది లోపలి నూనెను వేడిచేసి గిన్నెలోకి దించడమే, పైపును శుభ్రం చేయదు.

ఇదంతా సౌకర్యం కోసం కాదా అని కొందరు అడుగుతారు. 1999లో దీపం, 2016లో ఉజ్వల పథకాలతో ఎన్నో ఇళ్లలో కట్టెల పొయ్యి పక్కకు జరిగింది, అది చాలా మంచి మార్పు. కానీ కాగిన నూనె పొగ అలాగే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2010లో వెలువరించిన సంపుటిలో, అధిక వేడి మీద వేయించేటప్పుడు వచ్చే పొగలను మనుషులకు బహుశా క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో, 2ఏ వర్గంలో చేర్చింది. రోజుకు మూడు పూటలా ఆ పొగలో నిలబడేది మన అమ్మలు, అక్కలు. ఇంటి ఖర్చు లెక్కలో టైల్స్‌కు, గేటుకు లక్షలు కేటాయించి వాళ్ల ఊపిరికి మాత్రం మిగిలిన చిల్లర వేయడం నాకు న్యాయంగా కనిపించదు.

దుకాణాలవారిని ఒకటే కోరుతున్నాను. ధర చీటీ మీద పైపు కొలత, బిగింపు ఖర్చు, పైపు లేకుండా వాడితే కలిగే లోటు కూడా రాయండి. మోటారుకు ఎన్నేళ్ల హామీ, మిగతా భాగాలకు ఎన్నేళ్లు అన్నది విడివిడిగా చెప్పండి. రిపేరుకు మనిషి నల్గొండ నుంచి వస్తాడా, హైదరాబాద్ నుంచి రావాలా అన్నది కొనకముందే తెలియాలి.

ఎండాకాలం వస్తే మన దగ్గర ఇళ్ల పనులు ఊపందుకుంటాయి. ఐలాండ్ మీదే పొయ్యి కావాలనుకుని స్లాబు వేయబోతున్నవారు, సెంట్రింగ్ కడుతున్నప్పుడే మేస్త్రీకి చెప్పి, పైన గది లేని చోటైతే గట్టుకు సరిగ్గా ఎగువన 160 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్క ఒకటి నిలబెట్టించండి. పైన గది ఉంటే బయటి గోడ వరకు బీము అడ్డురాని దారి ఇంజనీరుతో గీయించుకుని, సీలింగ్‌కు ఎనిమిది అంగుళాల సందు వదలమనండి. ఆ పైపు ముక్కకు కొన్ని వందలే అవుతాయి. కాంక్రీటు పడ్డాక అదే రంధ్రానికి కాంక్రీటును గుండ్రంగా కోసే కోర్ కటింగ్ యంత్రం తెప్పించాలి, ఇనుప చువ్వ తెగితే స్లాబుకే చేటు.

ఇట్లు,
ఒక ఎలక్ట్రీషియన్,
నల్గొండ