కరబఖ్ వార్తలో పాకిస్తాన్ ఎంత, కరబఖ్ ఎంత?

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ పత్రికలో ఆర్మేనియా–అజర్‌బైజాన్ తగాదా మీద, అంటే అజర్‌బైజాన్ లోపల ఆర్మేనియన్లు ఎక్కువగా ఉండిన కరబఖ్ కొండ ప్రాంతం కోసం సాగిన పోరు మీద, పూర్తి పేజీ వ్యాసం వేశారు. ఒక తెలుగు పత్రిక ఆ మూల గురించి పేజీ కేటాయించడమే గొప్ప అనుకుని, ఆఫీసు షట్టర్ తీయగానే ముందు అదే చదివాను. చదివాక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. నాది విజయవాడ గవర్నరుపేటలో చిన్న టూర్స్ అండ్ ట్రావెల్స్. నేను ప్రొఫెసర్ని కాను, రిటైర్డ్ రాయబారిని అసలే కాను. ఆ రెండు దేశాలకూ జనాన్ని పంపిస్తూ, అప్పుడప్పుడూ గ్రూపుల వెంట నేనే వెళ్లివస్తూ బతుకుతున్నవాణ్ణి.

మీ వ్యాసమంతా ఒక్క మాట మీద నిలబడింది. ఆర్మేనియా మన మిత్రుడు, అజర్‌బైజాన్ పాకిస్తాన్‌కు మిత్రుడు. ఇక మిగతా విషయాలన్నీ ఈ రెండు పెట్టెల్లో సర్దేశారు. సర్దలేనివి వదిలేశారు. సగం పేజీ మనం ఆర్మేనియాకు అమ్మిన పినాక రాకెట్లు, ఆకాశ్ క్షిపణుల ఫొటోలే. 1988 నుంచి అక్కడి జనానికి ఏం జరిగిందో నాలుగైదు లైన్లు. పైగా ‘క్రైస్తవులకూ ముస్లింలకూ మధ్య పోరు’ అని లావుపాటి అక్షరాల్లో ఒక సబ్ హెడ్డింగ్.

ముందు ఆ హెడ్డింగ్ సంగతి. అజర్‌బైజాన్‌లో ఎక్కువమంది షియాలు. పక్కనే షియా దేశం ఇరాన్. మరి ఇరాన్ ఇన్నేళ్లూ ఆర్మేనియాకు గ్యాసు, సరుకు దారి ఎందుకు మూయలేదు? ఎందుకంటే ఇరాన్ వాయవ్యంలో అజర్‌బైజానీ భాష మాట్లాడేవాళ్లు కోటికి పైగా ఉన్నారు. వాళ్ల చూపు అజర్‌బైజాన్ రాజధాని బాకు వైపు మళ్లితే టెహ్రాన్‌కు టెన్షన్. అటు ఇజ్రాయెల్ అజర్‌బైజాన్‌కు ఆయుధాలమ్మి, అక్కడి చమురు కొంటుంది. 2020లో 44 రోజులు సాగిన యుద్ధంలో ఆర్మేనియా ట్యాంకుల్ని వేటాడినవి టర్కీ బైరక్తార్ డ్రోన్లు, ఇజ్రాయెల్ హరోప్ డ్రోన్లు. రష్యా అయితే ఇద్దరికీ అమ్మింది. ఆర్మేనియాలోని గ్యూమ్రీలో దానికి సైనిక స్థావరం ఉంది, భద్రతా ఒప్పందం ఉంది, కరబఖ్‌లో అప్పట్లో శాంతి సైనికులు కూడా ఉండేవారు. అవన్నీ ఉండగానే 2023 సెప్టెంబరులో అజర్‌బైజాన్ దాడి చేసి ఇరవై నాలుగు గంటల్లో కరబఖ్‌ను తన చేతుల్లోకి తీసుకుంది. అమెరికా 1992లో సెక్షన్ 907 అనే నిబంధన పెట్టి అజర్‌బైజాన్‌కు ప్రభుత్వ సాయం ఆపేసింది. 2001 దాడుల తర్వాత అఫ్గానిస్తాన్ వెళ్లే విమానాలకు దారి అవసరం పడేసరికి మినహాయింపులు ఇవ్వడం మొదలుపెట్టింది. బైబిలు, ఖురాను చూసి ఎవరూ పక్షం ఎంచుకోలేదండీ. అక్కడి జనానికి మతం ముఖ్యం కాదని నేను అనడం లేదు. బయటివాళ్ల లెక్కలు మాత్రం వేరు.

ఆ లెక్కల్లో మన లెక్క కూడా ఒకటుంది. మీ వ్యాసంలో కనిపించనిది అదే. 2008 మార్చి 14న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో ఒక తీర్మానం వచ్చింది. అజర్‌బైజాన్ ప్రాదేశిక సమగ్రతను గౌరవించాలి, 1990ల తొలి యుద్ధంలో ఆక్రమించిన జిల్లాల నుంచి ఆర్మేనియా బలగాలు వెళ్లిపోవాలి అని దాని సారం. 39 దేశాలు అవునన్నాయి, 100 దేశాలు తటస్థంగా ఉండిపోయాయి, ఏడు దేశాలు వద్దన్నాయి. ఆ ఏడింటిలో మనం ఉన్నాం. అమెరికా, రష్యా, ఫ్రాన్స్ కూడా వద్దన్నాయి. మధ్యవర్తులుగా ఉన్న ఆ మూడూ తీర్మానం ఏకపక్షంగా ఉందన్నాయి. సరే. కానీ పాకిస్తాన్ అవునన్న 39లో ఉంది.

ఇప్పుడు కశ్మీర్ గురించి రెండు దేశాలూ చెప్పేది గుర్తు తెచ్చుకోండి. మన మాట ప్రాదేశిక సమగ్రత. పాకిస్తాన్ మాట అక్కడి జనం స్వయం నిర్ణయాధికారం. కరబఖ్ దగ్గరికొచ్చేసరికి పాకిస్తాన్ సమగ్రత పాట పాడింది. మనమేమో స్వయం నిర్ణయం అడుగుతున్న ఆర్మేనియా పక్కన చేరాం. ఇద్దరమూ కండువాలు మార్చుకున్నాం. సూత్రం ప్రకారమైతే పాకిస్తాన్ ఆర్మేనియాతోనూ మనం అజర్‌బైజాన్‌తోనూ ఉండాలి. దేశాలు అవసరం చూసుకుంటాయి, నాకూ తెలుసు. వ్యాపారం చేసేవాణ్ణి, ఆ మాత్రం అర్థమవుతుంది. ఢిల్లీకి అవసరం ఉండొచ్చు, కానీ ఆ అవసరాన్ని పాఠకుడికి ధర్మంలా చూపించే పని పత్రికకెందుకు?

మీరు వదిలేసిన మనుషుల సంగతి కొంచెం చెబుతాను. బాకు నుంచి గబాలా కొండల వైపు మా గ్రూపును తీసుకెళ్లిన డ్రైవరు కరబఖ్‌ను ఆనుకుని ఉన్న అగ్దమ్ ఊరివాడు. 1993 జులైలో ఆర్మేనియా బలగాలు ఆ ఊరు పట్టుకున్నప్పుడు చిన్నపిల్లాడు. కుటుంబమంతా ఒక కాలేజీ హాస్టల్ గదిలో తలదాచుకుంది. అతను పెరిగింది, పెళ్లి చేసుకుంది ఆ గదిలో ఉండగానే. కరబఖ్‌లోంచే కాదు, చుట్టూ ఉన్న ఏడు జిల్లాల నుంచి కూడా లక్షల మంది అలా వచ్చేశారు. కొందరు ఏళ్ల తరబడి రైలు పెట్టెల్లో కాపురాలు చేశారు. ఆ జిల్లాల నుంచి బలగాలు వెళ్లాలని భద్రతా మండలి 1993లోనే నాలుగు తీర్మానాలు చేసింది. ఇరవై ఏడేళ్లు ఎవరూ కదల్లేదు. 2020 తర్వాత అతను ఊరు చూడ్డానికి వెళితే మసీదు తప్ప నిలబడ్డ కట్టడం దాదాపు లేదట. రోడ్డు దిగొద్దు, మందుపాతరలున్నాయి అని సైనికులు చెప్పి పంపేశారట.

యెరెవాన్‌లో (ఆర్మేనియా రాజధాని) నేను మాట్లాడిన డ్రైవరు కరబఖ్ ముఖ్య పట్టణం స్టెపానకెర్ట్ వాడు. మన గుంటూరు, నరసరావుపేట పిల్లలు అక్కడ మెడిసిన్ చదువుతున్నారు. వాళ్ల తల్లిదండ్రులు చూడ్డానికి వెళితే తిప్పేది అతనే. 2022 డిసెంబరులో కరబఖ్‌ను ఆర్మేనియాతో కలిపే ఒకే ఒక్క దారి, లచిన్ దారి, మూసేశాక తొమ్మిది నెలలు వాళ్ల ఊళ్లో మందులు లేవు, పెట్రోలు లేదు, చివరికి రొట్టె కూడా క్యూలో నిలబడి తెచ్చుకోవాల్సి వచ్చింది. 2023 సెప్టెంబరు దాడి జరిగాక లక్ష మందికి పైగా కొన్ని రోజుల్లోనే ఖాళీ చేశారు. మామూలు రోజుల్లో కొన్ని గంటల్లో దిగే ఘాట్ రోడ్డు మీద కార్లు ఒక రోజుకు పైగా నిలబడిపోయాయి. బయల్దేరడానికి పెట్రోలు పట్టించుకుంటుంటే ఒక డిపో పేలి నూట డెబ్భై మందికి పైగా చనిపోయారు. అతని బావమరిది అందులో పోయాడు.

ఇద్దర్నీ ఒకే ప్రశ్న అడిగాను, అవతలివాళ్ల సంగతేమిటని. బాకు డ్రైవరు ‘వాళ్లను వెళ్లమని ఎవరన్నారు? వాళ్లే వెళ్లారు’ అన్నాడు. యెరెవాన్ డ్రైవరు ‘అగ్దమ్ నుంచి మా మీద ఫిరంగులు పేల్చేవాళ్లు, తప్పలేదు’ అన్నాడు. ఇద్దరూ మంచివాళ్లే. టిప్పు ఇస్తే మొహమాటపడ్డారు. ఇద్దరికీ అవతలివాడి కథ అతిగా అనిపించింది. సుమ్‌గాయిట్, బాకుల్లో ఆర్మేనియన్ల మీద అల్లర్లు, ఖోజాలీలో అజర్‌బైజానీల ఊచకోత అంటూ ఎవరి తేదీలు వాళ్ల దగ్గరున్నాయి. ఆ తేదీలన్నీ వేయాల్సిన చోట మీరు క్షిపణి ఫొటో వేశారు.

2025 మే నెల సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నా కడుపు మంట అనుకుంటారు. ఆపరేషన్ సిందూర్ సమయంలో టర్కీ, అజర్‌బైజాన్ పాకిస్తాన్‌ను వెనకేసుకొచ్చాయి. అంతకు ముందు ఏడాది మనవాళ్లు రెండు లక్షల మందికి పైగా అజర్‌బైజాన్ చూసివచ్చారు. వీసా ఆన్‌లైన్లో మూడు పనిదినాల్లో వచ్చేది, ఖర్చు దుబాయ్‌కి దగ్గర దగ్గరగా ఉండేది. గుంటూరు మిర్చి కమిషన్ వ్యాపారుల గ్రూపు ఒకటి మా దగ్గర బాకుకు బుక్ అయి ఉంది. మూకుమ్మడిగా మానుకున్నారు. అడ్వాన్సు కొంత పోయింది. వాళ్ల నిర్ణయం మీద నాకు ఫిర్యాదు లేదు, నేనూ ఆ ప్యాకేజీ బోర్డు తీసేశాను. మన సైనికులు సరిహద్దులో ఉండగా అవతలి పక్షాన నిలబడ్డవాడికి మన డబ్బు ఎందుకివ్వాలి అనుకోవడం సహజమే. ఆ నెలాఖరున టర్కీ అధ్యక్షుడు ఎర్డోగాన్, పాకిస్తాన్ ప్రధాని షెహబాజ్ షరీఫ్, అజర్‌బైజాన్ అధ్యక్షుడు అలియేవ్ ముగ్గురూ ఏరికోరి లచిన్ ఊళ్లోనే కూర్చుని సమావేశం పెట్టుకున్నారు. కోపం వచ్చే పనే.

ఆ తర్వాత మాత్రం మా ఆఫీసుకు వచ్చినవాళ్లు ‘ఆర్మేనియా వేయండి, మన ఫ్రెండు కదా’ అని అడగడం మొదలుపెట్టారు. ఒకాయన రెండూ కలిపి ఒకే టూర్‌లో చూపించలేరా అన్నాడు. ఆ రెండు దేశాల మధ్య సరిహద్దు దాటే వీల్లేదని, జార్జియా రాజధాని ట్బిలిసి మీదుగా చుట్టు తిరగాలని, అసలు అజర్‌బైజాన్ 2020 నుంచి భూమార్గాలన్నీ ప్రయాణికులకు మూసి ఉంచిందని చెబితే ఆశ్చర్యపోయాడు. ‘ఎందుకలా?’ అన్నాడు. మీ వ్యాసం చదివినా ఆయనకు జవాబు దొరకదు.

ఇకపోతే మిత్రుడు, శత్రువు అనే పెట్టెలు అక్కడే నిలవడం లేదు. 2025 ఆగస్టు 8న ఆర్మేనియా ప్రధాని పషిన్యాన్, అలియేవ్ వాషింగ్టన్ వెళ్లి ట్రంప్ ముందు శాంతి ప్రకటన మీద సంతకాలు చేశారు. ఆర్మేనియా దక్షిణ కొసలో అజర్‌బైజాన్‌ను దాని విడి ముక్క నఖ్చివాన్‌తో కలిపే సుమారు నలభై కిలోమీటర్ల దారికి ట్రంప్ పేరే పెట్టుకున్నారు. ఇరాన్ గుమ్మం ముందు అమెరికా. అదే నెల 31న చైనాలోని తియాన్‌జిన్‌లో ఆర్మేనియా, పాకిస్తాన్ దౌత్య సంబంధాలు మొదలుపెట్టాయి. అప్పటిదాకా ఆర్మేనియాను దేశంగానే గుర్తించని పాకిస్తాన్! మన ‘మిత్రుడు’ మన ‘శత్రువు’తో చేతులు కలిపిన వార్త మీ వ్యాసంలో ఎక్కడా లేదు. రాస్తే పేజీ మొత్తం తిరగరాయాల్సి వచ్చేది కాబోలు. అక్టోబరులో అజర్‌బైజాన్ తన నేల మీదుగా ఆర్మేనియాకు సరుకు వెళ్లడానికి ఉన్న ఆంక్షలు కూడా ఎత్తేసింది. వాళ్లిద్దరూ రాజీకి తంటాలు పడుతుంటే, ఇక్కడ మనం వాళ్ల తరఫున తొడలు కొట్టుకుంటున్నాం.

మన లెక్కలు కూడా ఒక్క గడిలో ఇమిడేవి కావు. ఆర్మేనియా కొన్న ఆకాశ్ క్షిపణి హైదరాబాద్‌లో రూపుదిద్దుకుంది. అదే సమయంలో బాకు దగ్గరి కాస్పియన్ చమురు క్షేత్రంలో మన ఓఎన్‌జీసీ విదేశ్‌కు 2013 నుంచి వాటా ఉంది. చమురును మధ్యధరా సముద్రం దాకా మోసే పైపులైనులోనూ ఉంది. ఆ 1,768 కిలోమీటర్ల పైపు దగ్గరి దారైన ఆర్మేనియాను వదిలేసి జార్జియా చుట్టి వెళుతుంది. ఒకరికి ఆయుధాలమ్ముతూ ఇంకొకరి చమురులో వాటాదారులం. తప్పని నేననను. పాఠకుడికి రెండూ చెప్పండి.

పాత బంధం గురించి రాయాలనుకుంటే అదీ రెండు వైపులా ఉంది. ప్రపంచంలో మొట్టమొదటి ఆర్మేనియన్ పత్రిక అజ్దరార్ 1794లో అచ్చయింది మన మద్రాసులో. ఆర్మేనియన్ వర్తకులు మచిలీపట్నం రేవులోనూ వ్యాపారం చేశారు. అటు బాకు పక్కన సురఖానీలో అగ్నిగుడి ఉంది. మనవైపు వర్తకులు, సాధువులు వచ్చి ఉన్న చోటది. గోడల మీద దేవనాగరి రాతలుంటాయి. ‘శ్రీ గణేశాయ నమః’ అని చదివి మా గ్రూపులో ఒకావిడ చెప్పులు విప్పేసి దణ్ణం పెట్టుకుంది.

చివరగా, మీ మ్యాప్ తప్పు. నఖ్చివాన్‌ను టర్కీ రంగులో కలిపేశారు. అది అజర్‌బైజాన్ ముక్క. మిగతా దేశంతో నేల మీద కలవదు, మధ్యలో ఆర్మేనియా అడ్డం. టర్కీతో దానికి సరిహద్దు ఉందంటే ఉంది, ఇరవై కిలోమీటర్లు కూడా ఉండదు. ట్రంప్ పేరు పెట్టిన దారి ఎందుకో, ఇరాన్‌కు దాంతో భయమెందుకో ఈ ఒక్క ముక్కను సరిగ్గా చూపిస్తేనే తెలుస్తుంది. వచ్చే ఆదివారం సవరణ వేయండి, మ్యాప్‌తో సహా. పక్కనే జాగా మిగిలితే 2008 నాటి ‘వద్దు’ ఓట్ల జాబితా కూడా వేయండి. ఏడు పేర్లే కాబట్టి ఎక్కువ చోటు పట్టదు.

ఇట్లు,
ఒక టూర్ ఆపరేటర్,
గవర్నరుపేట, విజయవాడ.