పట్టికలో తిండి వాటా కూడా వేయండి

సంపాదకులు గారికి,

ఆసియా దేశాల ద్రవ్యోల్బణం మీద మా పర్లాకిమిడి టీకొట్టులో రోజూ వాదనే. మనమే నయం అంటారు. నిజమే, 2022 సెప్టెంబరులో కొలంబోలో ధరలు ఏడాది తిరిగేసరికి 69.8 శాతం పెరిగాయి. 2023 మేలో పాకిస్తాన్‌లో 38 శాతం. మనది 2022 ఏప్రిల్‌లో కూడా 7.79 శాతమే.

కానీ అందరి బుట్టా, అంటే ధరలు లెక్కగట్టే సరుకుల జాబితా, ఒకటి కాదు. 2012 ఆధార సంవత్సరంగా కట్టిన మన పాత చిల్లర ధరల సూచీలో తిండి, పానీయాల వాటా 45.86 శాతం ఉండేది. జపాన్‌లో తిండి వాటా పావు వంతుకు కాస్త ఎక్కువ, అంతే. టమాటా ధర ఎగిరితే మన సూచీ ఊగినంతగా వాళ్లది ఊగదు. పైగా ద్రవ్యోల్బణం తగ్గిందంటే ధర తగ్గినట్టు కాదు, పెరిగే వేగం తగ్గినట్టు. ఈ మాట ఇంట్లో అంటే కందిపప్పు డబ్బా చూపిస్తారు! దేశాల పట్టిక వేసేటప్పుడు తిండి వాటాకూ ఒక గడి ఇవ్వండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా