ఫలాఫెల్ రోజూ ఎందుకు ఉండదు, గోడ మీద బొమ్మలెందుకు

“అక్కా, ఫలాఫెల్ రోజూ పెట్టొచ్చు కదా” అని మా హోటల్‌కొచ్చే కాలేజీ పిల్లలు అడుగుతున్నారు. ఫలాఫెల్ అంటే పశ్చిమాసియా వైపు శనగల వడ. పొద్దున్నే టిఫిన్‌కి వచ్చే పెద్దలేమో “గోడల నిండా ఈ బొమ్మలెందుకమ్మా” అంటున్నారు. ఇద్దరికీ కలిపే చెప్తాను. వచ్చే నెల నుంచి ఫలాఫెల్ లాంటి విదేశీ వంటలు శని, ఆదివారాల సాయంత్రాలే. బొమ్మలు మాత్రం వారమంతా ఉంటాయి.

లెక్క దాచడానికేం లేదు. ఈ హోటల్ అద్దె కట్టేది ఇడ్లీ, దోసె. ఫలాఫెల్ ప్లేటు 160 రూపాయలంటే “శనగలకి అంతా?” అంటారు. కాబూలీ శనగలు రాత్రంతా నానాలి. ఉడకబెట్టామా, నూనెలో విడిపోతాయి. మన మసాలా వడకి లాగే పచ్చివి బరకగా రుబ్బి కొత్తిమీర, వెల్లుల్లి, జీలకర్ర కలిపి వేయించాలి. పక్కన ఇచ్చే హమ్మస్‌లోకి, అంటే ఉడికించిన శనగల పచ్చడిలోకి, తహీనీ కావాలి, అంటే పొట్టు తీసిన నువ్వుల ముద్ద. సీసాల్లో వచ్చేది ఖరీదు కాబట్టి ఇక్కడే రుబ్బుతున్నాం. నువ్వుల సంగతి మన వైపు వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు, కానీ దీనికి దోరగా కూడా కాదు, రంగు మారీ మారకుండా దించెయ్యాలి. ఎర్రబడితే చేదు. వారం మధ్యలో నానబెట్టిన శనగలు సగం మిగిలిపోతున్నాయి. ఆ నష్టం తెచ్చి దోసె రేటులో కలపడం నాకిష్టం లేదు.

ఇక బొమ్మలు. ఇప్పుడు గోడల మీద అమ్మకానికున్నవి సవర గిరిజనుల చిత్రాలు. సీతంపేట వైపు సవరల ఇళ్లలో ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో దేవతల కోసం వేసేవి, ఇప్పుడు కాగితం మీదకీ వచ్చాయి. ముందు చుట్టూ అంచు గీసి, అక్కణ్నుంచి లోపలికి నింపుకుంటూ వస్తారు. మొన్నొక మాస్టారు “ఏటమ్మా, ముగ్గులకీ రేటు పెట్టీసేవా?” అన్నారు. అన్నారే గానీ కాఫీ చల్లారిపోయేదాకా అక్కడే నిలబడ్డారు. కుడి మూల గుర్రం మీద మనిషికి గొడుగు పట్టినవాణ్ని నాకు చూపించింది ఆయనే. అన్నాళ్లుగా రోజూ తుడుస్తున్నా నేను చూడలేదు.

రేటు ఆ బొమ్మ వేసినవాళ్లు చెప్పిందే, డబ్బూ మొత్తం వాళ్లదే. కమిషన్ తీసుకోం. దానధర్మమేం కాదు, బొమ్మ చూడ్డానికి వచ్చినవాళ్లు కాఫీ అయినా తాగుతారు. ఒకటే ఇబ్బంది, నూనె ఆవిరి కాగితానికి పడదు. అందుకే అన్నిటికీ అద్దాలు వేయించాం, వంటింటి పక్క గోడ ఖాళీగా వదిలేశాం. దయచేసి చట్నీ చేతులతో అద్దం ముట్టుకోకండి.

ఎగ్జిబిషన్ చూడాలన్నా, వేరే దేశం వంట తినాలన్నా వైజాగ్ బస్సెక్కడం మనకి అలవాటైపోయింది. నాకది కాస్త కష్టంగానే ఉంటుంది. మన విజయనగరంలో 1919లో పెట్టిన సంగీత కళాశాల కోసం ఘంటసాల గారు కృష్ణా జిల్లా నుంచి ఇక్కడికొచ్చి చదువుకున్నారు. అంట్యాకుల పైడిరాజు గారు బొమ్మలు వేసిన ఊరిది. బొమ్మ చూడ్డానికి మనం బస్సెక్కడమేంటి?

మీ ఇంట్లో బొమ్మలు వేసేవాళ్లుంటే తీసుకురండి, తర్వాతి గోడ వాళ్లది. శనివారం మాత్రం ఏడులోపు వచ్చెయ్యండి. ఆ తర్వాత ఫలాఫెల్ ఉంటుందని మాటివ్వలేను, దోసె ఉంటుంది.