ఆరోగ్య మంత్రి గారికి: థైరాయిడ్‌కి ఇన్నిసార్లు తిప్పకండి

మంత్రి గారికి నమస్కారం.

మూడేళ్లపాటు నాది ఒట్టి బద్ధకమే అనుకున్నాను. నిద్ర లేవగానే మళ్లీ పడుకోవాలనిపించేది, తల దువ్వితే దువ్వెన నిండా జుట్టు, అందరూ ఫ్యాన్ వేయమంటుంటే నేను దుప్పటి కప్పుకునేదాన్ని, వేలికున్న ఉంగరం సబ్బు రాసినా ఊడిరాలేదు. డాక్టర్లేమో "టెన్షన్ తగ్గించుకోండమ్మా, వయసు మీద పడుతోంది కదా" అన్నారు. థైరాయిడ్ గ్రంథి ఉండే మెడ మీద చెయ్యి పెట్టి చూసినవాళ్లు ఒక్కరూ లేరు. థైరాయిడ్ మందగిస్తే రక్తంలో పెరిగే టీఎస్‌హెచ్ అనే హార్మోన్ కాస్త ఎక్కువ వస్తే బోర్డర్‌లైన్ అని పంపేశారు. ఏడాది తర్వాత ఇంకో డాక్టరు ఫ్రీ టీ4 (థైరాయిడ్ తయారుచేసే హార్మోన్), యాంటీ టీపీఓ (థైరాయిడ్‌కి ఎదురుతిరిగే యాంటీబాడీలు) టెస్టులు రాస్తే హషిమోటో జబ్బని తేలింది, అంటే నా ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే థైరాయిడ్ గ్రంథిని తినేస్తోందన్నమాట.

అందరికీ అన్ని టెస్టులూ చేయమనడం లేదండీ, అది దండగ. మొదట టీఎస్‌హెచ్ చాలు. అది తేడాగా వస్తే మాత్రం అదే రక్తంతో ల్యాబ్‌వాళ్లే ఫ్రీ టీ4 కూడా చేసేయాలి, రోగి మళ్లీ సెలవు పెట్టి, మళ్లీ చీటీ రాయించుకుని, మళ్లీ సూది పొడిపించుకోవడం దేనికి? టీఎస్‌హెచ్‌ని తయారుచేసేది మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి, అందులోనే లోపముంటే టీఎస్‌హెచ్ నార్మల్‌గానే కనపడొచ్చు, కాబట్టి డాక్టరుకి అనుమానమొస్తే రెండూ ఒకేసారి రాసే వీలుండాలి.

ఇక మందు సంగతి. తక్కువైన థైరాయిడ్ హార్మోన్‌కి బదులుగా ఇచ్చే లెవోథైరాక్సిన్ మాత్ర పరగడుపున నీళ్లతో వేసుకోవాలి, ఐరన్, కాల్షియం మాత్రలకీ దానికీ 4 గంటల ఎడం ఉండాలి. నేను ఏడు నెలలు ఐరన్ మాత్రతో కలిపి ఒకే గుక్కలో మింగాను! మందు ఒంటికి పట్టక టీఎస్‌హెచ్ దిగకపోతే డోసు పెంచుతూ పోయారే కానీ, ఎలా వేసుకుంటున్నావని ఎవరూ అడగలేదు. డోసు మార్చిన 6 నుంచి 8 వారాలకు మళ్లీ టెస్టు చేయాలి, దాన్ని గుర్తుచేస్తూ ఫోన్‌కి ఒక మెసేజ్ పంపడం మీ శాఖకు పెద్ద పనా?

అన్నిటికంటే ముందు పసిబిడ్డలు. పుట్టిన కొద్ది రోజుల్లో మడమ నుంచి నాలుగు చుక్కల రక్తం తీసి చూస్తే పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపం దొరుకుతుంది. మొదటి వారాల్లోనే మందు పడితే బిడ్డ మెదడు మామూలుగా ఎదుగుతుంది, ఆలస్యమైతే పోయిన తెలివి తిరిగి రాదు. ఈ టెస్టు జరగకుండా ఏ బిడ్డనీ ఇంటికి పంపొద్దని ఆర్డరు వేయండి. గర్భిణులదీ ఇంతే, మొదటి మూడు నెలలు కడుపులో బిడ్డకు తల్లి హార్మోనే ఆధారం, అందుకే మాత్ర వాడుతున్నవాళ్లకు గర్భమని తెలిసిన వెంటనే డోసు చూడాలి.

నా తర్వాతి టెస్టు వచ్చే నెల. చీటీకి ఒకసారి, రక్తానికి ఒకసారి, రిపోర్టుకి ఒకసారి వెళ్లాలి.

ఇట్లు,
పరగడుపు మాత్రతో రోజు మొదలుపెట్టే ఒక రోగి