జనన ధ్రువపత్రంలో బిడ్డ పేరు గడి ఖాళీగా మిగలకూడదు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

జనన మరణాల నమోదు చట్టానికి చేసిన సవరణ 2023 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ రోజున గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారికి బడిలో చేరిక మొదలుకొని ఓటరు నమోదు, డ్రైవింగ్ లైసెన్సు, పెళ్లి నమోదు, ప్రభుత్వోద్యోగం, పాస్‌పోర్టు వరకు పుట్టిన తేదీకీ, పుట్టిన చోటుకీ జనన ధ్రువపత్రమే ఆధారం. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇన్నాళ్లూ పదో తరగతి మెమోలో ఉన్న తేదీయే అన్నిచోట్లా చెల్లుతూ వచ్చింది. చేర్చుకునేనాటికి వయసు సరిపోయేలా బడివాళ్లు వేసిన జూన్ నెల తేదీతోనే ఉద్యోగాలు చేసి పదవీ విరమణ పొందినవారిని ఉపాధ్యాయుడిగా నేను ఎందరినో ఎరుగుదును. ఆ పద్ధతి పోవడం మంచిదే. అయితే ఇకపై అన్నింటికీ మూలమయ్యే ఈ ఒక్క పత్రంలో బిడ్డ పేరు రాయవలసిన చోటు ఖాళీగా ఉండిపోతున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. వాటి గురించే ఈ లేఖ.

ఇది తల్లిదండ్రుల నిర్లక్ష్యమని తేల్చేయడం అన్యాయం. బిడ్డ పుట్టిన 21 రోజుల్లోగా రిజిస్ట్రారుకు సమాచారం అందాలని చట్టం చెబుతోంది, ఆసుపత్రిలో కాన్పు జరిగితే ఆ బాధ్యత ఆసుపత్రిదే. మన ఇళ్లలో బారసాల ఎక్కువగా ఇరవయ్యొకటో రోజున జరుగుతుంది, వీలు కుదరక మూడో నెలకు వాయిదా వేసుకునేవారూ ఉన్నారు. తల్లి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేనాటికి బిడ్డకు పేరే ఉండదు కనుక, తల్లిదండ్రుల పేర్లతో మాత్రమే వివరాలు వెళ్లిపోతాయి. చట్టం దీన్ని ముందే ఊహించింది. పేరు లేకుండా నమోదైనా, నమోదు తేదీ నుంచి 12 నెలల్లోగా రుసుమేమీ లేకుండా, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో పేరు చేర్పించుకోవచ్చు. కానీ పచ్చి బాలింతరాలిని ఇంటికి పంపే హడావిడిలో ఈ సంగతి ఆమెకు గానీ, వెంట ఉన్న పెద్దలకు గానీ విడమరిచి చెప్పేవారు అరుదు. పత్రం చేతికి వచ్చింది కదా, ఇక పని అయిపోయిందనే అందరూ అనుకుంటారు.

దీనికి తోడు తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆచారం. నమోదు మాత్రం బిడ్డ పుట్టిన చోటే జరుగుతుంది తప్ప తల్లిదండ్రుల నివాసాన్ని బట్టి కాదు. మా బంధువుల ఇంట జరిగింది చెబుతాను. కాన్పు అమ్మాయి పుట్టింటి ఊరి ఆసుపత్రిలో అయింది. ఐదో నెలలో తల్లీబిడ్డలు అత్తవారింటికి వచ్చేశారు. పాపను బడిలో చేర్చేటప్పుడు పత్రంలో పేరు లేదని తేలింది. పైగా ఆసుపత్రివాళ్లు తల్లి పేరును పుట్టింటి ఇంటిపేరుతో రాశారు, ఆధార్‌లో భర్త ఇంటిపేరు ఉంది. రెండూ సరిచేయించడానికి రోజు కూలి మానుకొని వేరే జిల్లాకు తిరగవలసి వచ్చింది. తప్పును సవరించే వీలు చట్టంలో ఉన్నా, మొదటి నమోదును చెరపకుండా పక్కన సవరణ రాసే పద్ధతి కాబట్టి రుజువులు అడుగుతారు. ఆ రుజువులు సమకూర్చుకోవడం చదువురాని వారికి చాలా కష్టం.

నమోదు పూర్తయిన ఏడు రోజుల్లోగా, సమాచారం ఇచ్చినవారికి మొదటి ధ్రువపత్రం ఉచితంగా ఇవ్వాలని సవరించిన చట్టమే అంటున్నప్పుడు దళారులకు డబ్బు ఇవ్వవలసిన అవసరం ఎవరికీ లేదు. రిజిస్ట్రారు నిర్ణయం అన్యాయమనిపిస్తే 30 రోజుల్లోగా జిల్లా రిజిస్ట్రారుకు అప్పీలు చేసుకునే హక్కు కూడా ఉంది. ఈ రెండు విషయాలూ ప్రతి పంచాయతీ కార్యాలయం గోడ మీద తెలుగులో కనిపించాలి.

పేరు విషయంలో నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఆసుపత్రి వివరాలు పంపే ముందు తల్లిదండ్రుల పేర్లను ఆధార్‌తో సరిచూసి, ఆ కాగితాన్ని వారికి చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. పేరు లేకుండా ఇచ్చే ప్రతి పత్రం మీద, ఫలానా తేదీలోగా ఉచితంగా పేరు చేర్పించుకోవచ్చని ఆ తేదీతో సహా పెద్ద అక్షరాల్లో ముద్రించాలి. తొమ్మిది నెలలు నిండగానే బిడ్డకు తట్టు, రుబెల్లా టీకా వేయించాలి. పేరు ఉచితంగా చేర్పించుకునే గడువు ముగియడానికి ముందే ఆ టీకా వస్తుంది కనుక, ఆనాడు ఏఎన్ఎం గానీ ఆశా కార్యకర్త గానీ జనన ధ్రువపత్రం అడిగి చూసి, పేరు లేకపోతే అక్కడే దరఖాస్తు రాయించాలి. ఊరి ఆడవాళ్లు ఆఫీసు కంటే వీరి మాటనే ఎక్కువగా నమ్ముతారు. ఆ దరఖాస్తును తల్లి ప్రస్తుతం ఉంటున్న ఊరి పంచాయతీ కార్యదర్శి తీసుకొని, బిడ్డ పుట్టిన చోటి రిజిస్ట్రారుకు తానే పంపేలా రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ స్పష్టమైన ఉత్తర్వులు ఇవ్వాలని మీ పత్రిక ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తెనాలి