వార్షిక నివేదిక: శాంటా క్రూజ్ ద్వీపం సముద్ర గుహలకు కయాక్ యాత్ర, ఈత శిక్షణ ప్రతిపాదన, ఇతర కార్యక్రమాలు

సభ్యులందరికీ నమస్కారం.

గడిచిన ఏడాది మన సంఘం చేసిన పనుల వివరాలను కార్యవర్గం తరఫున మీ ముందు ఉంచుతున్నాను. సంక్రాంతి, ఉగాది, బతుకమ్మ, దీపావళి వేడుకలు ఎప్పటిలాగే నిండుగా జరిగాయి. ఉగాది పచ్చడికి వేపపువ్వు ఒక సభ్యురాలి పెరటి చెట్టు నుంచే రావడం అందరికీ సంతోషం కలిగించింది. తెలుగు బడి ఆదివారాలు ఆగకుండా నడిచింది. పెద్దపిల్లలు గుణింతాలు దాటి చిన్న కథలు సొంతంగా చదివే స్థాయికి వచ్చారు. ఆ ఘనత ఉపాధ్యాయినులదే. జమాఖర్చుల పత్రం ఈ నివేదికతో పాటు పంపుతున్నాం. ప్రశ్నలుంటే కోశాధికారిని అడగండి.

ఇక మిగిలిన నివేదికంతా వేసవిలో మన కాలిఫోర్నియా తీరానికి ఎదురుగా ఉన్న శాంటా క్రూజ్ ద్వీపానికి జరిపిన కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ) యాత్ర గురించే. సముద్రానికి ఇంత దగ్గరలో ఉంటూ సముద్రం మీదికి వెళ్లని వాళ్లం మనలో చాలామంది ఉన్నాం. వెంచురా ఇసుకలో దుప్పట్లు పరుచుకుని, బజ్జీలు తిని, పిల్లలు మోకాలి లోతు దాటితే కేకలేసి వెనక్కి పిలుచుకుని ఇంటికి వస్తాం. ఆకాశం తేటగా ఉన్న రోజున ఎదురుగా నీలంగా కనిపించే ద్వీపాల పేర్లు కూడా మనలో కొద్దిమందికే తెలుసు. ఈ యాత్ర ప్రతిపాదన వచ్చినప్పుడు కార్యవర్గంలోనే గట్టిగా వాదన జరిగింది. ఈత రాని వాళ్లను సముద్రంలోకి తీసుకెళ్లడమేమిటని కొందరు పెద్దలు నిలదీశారు. ఆ ప్రశ్న సరైనదే. దానికి జవాబు వెతికే క్రమంలోనే మా ఏర్పాట్లన్నీ రూపుదిద్దుకున్నాయి.

మొదటి నిర్ణయం, సొంతంగా కయాక్‌లు అద్దెకు తీసుకుని వెళ్లకూడదని. నేషనల్ పార్క్ అనుమతి ఉన్న సంస్థ గైడ్లతోనే వెళ్లాలని తీర్మానించాం. రెండోది, పేరు ఇచ్చిన ప్రతి ఒక్కరూ ముందుగా ఈత కొలనులో జరిగే సాధన తరగతికి రావాలి. అక్కడ లైఫ్ జాకెట్ తొడుక్కుని నీళ్లలోకి దిగడం, వెల్లకిలా తేలడం, కయాక్ బోల్తా పడితే దాన్ని తిరగేసి పక్క నుంచి పైకి ఎక్కడం నేర్పించాం. రాలేనివారిని యాత్రకు తీసుకోలేదు. దీనివల్ల కొందరు నొచ్చుకున్నారని తెలుసు. అయినా ఆ నియమాన్ని వచ్చే ఏడాది కూడా సడలించవద్దని నా అభిప్రాయం.

మొదట అనుకున్న శనివారం యాత్ర జరగలేదు. వాయవ్య గాలి ఉధృతంగా ఉంటుందని వాతావరణ సూచన రావడంతో గైడ్లు ముందురోజు సాయంత్రమే రద్దు చేశారు. పులిహోరకు చింతపండు నానబెట్టిన వాళ్లు, సెలవు పెట్టుకున్న వాళ్లు, వేరే ఊళ్ల నుంచి బంధువులను పిలిపించుకున్న వాళ్లు నిరాశపడ్డారు. మరుసటి రోజు ఒడ్డున ఎండ చక్కగా కాయడంతో అనవసరంగా ఆపేశారన్న మాట కూడా వినిపించింది. ఒడ్డున కనిపించే ఎండకూ, ఒడ్డుకూ ద్వీపానికీ మధ్య ఉన్న సముద్రపు కాలువలో వీచే గాలికీ సంబంధం లేదు. ఇక్కడ ఉదయం అద్దంలా ఉన్న నీరు మధ్యాహ్నానికల్లా తెల్లని నురగలతో లేచిపడుతుంది. రద్దు చేయగలిగిన గైడ్లనే మనం నమ్మాలి. డబ్బు మొత్తం తర్వాతి తేదీకి సర్దుబాటు అయింది. ఎవరికీ నష్టం రాలేదు.

రెండో తేదీన తెల్లవారుజామునే వెంచురా రేవులో కలుసుకున్నాం. ఐలాండ్ ప్యాకర్స్ వారి పడవలో ద్వీపానికి సుమారు గంట ప్రయాణం. ఊగుడుకు కొందరికి కడుపులో తిప్పింది. అల్లం మురబ్బా పంచిన సభ్యురాలికి ఆ గంటలో దక్కినన్ని దీవెనలు మరెవరికీ దక్కలేదు. దారి మధ్యలో డాల్ఫిన్ల గుంపు పడవ ముందు ఎగురుతూ వచ్చింది. ఆ డాల్ఫిన్ల గురించి ఇక్కడి ఆదివాసులైన చుమాష్ ప్రజలు చెప్పుకునే కథ ఒకటుంది. ఆ కథను గైడ్ మాకు ద్వీపం ఒడ్డున చెప్పారు.

శాంటా క్రూజ్ ద్వీపానికి చుమాష్ భాషలో లిమూ అని పేరు. భూమాత హుతాష్ తొలి మనుషులను ఆ ద్వీపం మీదనే పుట్టించిందట. జనం పెరిగి చోటు చాలకపోయేసరికి ఆమె ఇంద్రధనుస్సును వంతెనగా వేసి, కొందరిని ప్రధాన భూభాగానికి దాటమన్నదట. దాటేటప్పుడు కిందికి చూసినవాళ్లు కళ్లు తిరిగి సముద్రంలో పడిపోయారు. వాళ్లు మునిగి చనిపోకుండా హుతాష్ డాల్ఫిన్లుగా మార్చింది. అందుకే చుమాష్‌లకు డాల్ఫిన్లు తోబుట్టువులు. పిల్లలు ఈ కథను నోళ్లు తెరుచుకుని విన్నారు.

చుమాష్‌లు ఈ కాలువను దాటిన పడవ పేరు తోమోల్. ఒడ్డుకు కొట్టుకొచ్చిన రెడ్‌వుడ్ దుంగలను పలకలుగా చీల్చి, అంచులకు రంధ్రాలు చేసి, నారతాళ్లతో కుట్టి, సందుల్లోకి తారు, పైన్ బంక కలిపి కాచిన ముద్దను దట్టించేవారు. గైడ్ ఈ మాట చెబుతుండగా, భీమిలి నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన ముందుకు వచ్చి, తమ తీరంలో కూడా పడవలను ఇలాగే కుట్టేవారని చెప్పారు. కొబ్బరి పీచు తాడుతో పలకలను కుడతారని, మేకు ఒక్కటి కూడా వాడరని, ఒడ్డు నుంచి లాగే పెద్ద వలను అలల్లోకి తీసుకెళ్లడానికి ఆ పడవే వాడేవారని చేతులతో చూపిస్తూ వివరించారు. మేకులు కొట్టిన పడవ అలల దెబ్బకు పగులుతుందని, కుట్టిన పడవ దెబ్బను ఓర్చుకుని వంగుతుందని ఆయన అన్న మాటను నేను ఇంగ్లీషులో గైడ్‌కు చెప్పాను. ఆ యువకుడు నోటు పుస్తకం తీసి రాసుకున్నాడు. మద్రాసు నుంచి ఒడిశా దాకా తూర్పు తీరంలో మసూలా పడవలని పేరుపడ్డవి ఇవే. చుమాష్‌లు ద్వీపాలను విడిచి మిషన్లకు (స్పెయిన్ మతగురువులు నెలకొల్పిన క్రైస్తవ ఆవాసాలు) వెళ్లాల్సి వచ్చాక తోమోల్ ప్రయాణాలు ఆగిపోయాయి. వారి వారసులు కొత్తగా తోమోల్ కట్టుకుని 2001లో మళ్లీ ఈ ద్వీపానికి తెడ్డు వేసుకుంటూ వచ్చారు. మేము కయాక్‌లు దించిన స్కార్పియన్ యాంకరేజ్ (పడవలు ఆగే చోటు) దగ్గరే ఒకప్పుడు వారి గ్రామం స్వాహిల్ ఉండేది.

గుహల సంగతికి వస్తాను. మేము చూసినవి ద్వీపం తూర్పు కొసన, స్కార్పియన్‌కు ఇరువైపులా ఉన్న గుహలు. చాలామంది ఫోను చేసి అడుగుతున్న పెయింటెడ్ కేవ్ అనే గుహ వీటిలో లేదు. అది వాయవ్య తీరంలో ఉంది. ప్రపంచంలోని అతి పెద్ద సముద్ర గుహల్లో ఒకటి. ముఖద్వారం 160 అడుగుల ఎత్తు, లోతు దాదాపు పావు మైలు. కొత్తవాళ్లు మొదటిసారే అక్కడికి వెళ్లాలనుకోవడం సరికాదు.

ఈ కొండలు లావా గడ్డకట్టి ఏర్పడినవి. వయసు కోటిన్నర సంవత్సరాల పైమాటే. రాతిలో పగులు ఉన్నచోట కెరటం పట్టు సాధిస్తుంది. నీరు పగులులోకి దూసుకుపోయినప్పుడు లోపలి గాలి ఒత్తుకుపోతుంది. నీరు వెనక్కి తగ్గగానే ఆ గాలి ఒక్కసారిగా విచ్చుకుని రాతిని లోపలి నుంచి వదులు చేస్తుంది. కెరటాలు మోసుకొచ్చే గులకరాళ్లు మిగతా పని చేస్తాయి. గుహ చివర గాలి ఇలా నొక్కుకుపోయినప్పుడు వచ్చే చప్పుడు ఛాతీకి తగులుతుంది. మొదటిసారి వినగానే మావాళ్లలో మాటలు ఆగిపోయాయి.

లోపలికి వెళ్లే పద్ధతి గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే మన భద్రతంతా అందులోనే ఉంది. ముందు గైడ్ ఒక్కరే వెళ్లి చూసి వస్తారు. కెరటాలు విడివిడిగా రావు, జట్లు జట్లుగా వస్తాయి. ఒక జట్టుకూ మరో జట్టుకూ మధ్య నీరు కొంత నెమ్మదిస్తుంది. ఆ వ్యవధిలో ఒక్కొక్క కయాక్‌నే పంపుతారు. ఇరుకు గుహల్లోకి వెనక్కి తెడ్డు వేస్తూ, ముఖం సముద్రం వైపు పెట్టుకుని వెళ్లాలి. అలా అయితే వచ్చే కెరటం కనబడుతుంది, బయటపడటానికి మలుపు తిప్పుకోవాల్సిన పని ఉండదు. గోడలకు అంటుకున్న గవ్వపురుగుల పెంకులు బ్లేడులా కోస్తాయి కాబట్టి చేతులు ఆనించకూడదు. పోటు సమయంలో కప్పు తలకు దగ్గరవుతుంది, పాటు సమయంలో రాళ్లు పైకి తేలతాయి. అందుకే ఏ గుహకు ఎప్పుడు వెళ్లాలో ఆటుపోట్ల పట్టిక చూసి నిర్ణయిస్తారు. ఒక గుహ దగ్గర గైడ్ చాలాసేపు ఆగి చూసి, తల అడ్డంగా ఊపి, మమ్మల్ని వెనక్కి తిప్పారు. ఎవరూ బతిమాలలేదు. అందుకు సభ్యులను అభినందిస్తున్నాను. సముద్రపు గువ్వలు గూళ్లు పెట్టే కొన్ని గుహల్లో కాలు మోపడం నిషేధం. పిల్లలు కూడా ఆ నియమాన్ని శ్రద్ధగా పాటించారు.

ఒక గుహలో కళ్లు చీకటికి అలవాటు పడ్డాక చూస్తే, నీటి అంచు వెంట గోడ మీద ఊదారంగు, నారింజ రంగు నక్షత్ర చేపలు అతుక్కుని ఉన్నాయి. వాటిపైన గులాబీ రంగు పాచి పొర. ముఖద్వారం నుంచి వచ్చే వెలుగు నీటి అడుగు నుంచి పైకి తేలి కయాక్ కింద ఆకుపచ్చగా మెరిసింది. నా ముందు సీట్లో కూర్చున్న సభ్యురాలికి ఈత రాదు. కొలనులో మొదటి రోజు నిచ్చెన వదలడానికే భయపడ్డారు. ఇక్కడ కెరటం కయాక్‌ను ఎత్తి దించుతున్నా, తెడ్డును ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, తల వెనక్కి వాల్చి కప్పు వైపు చూస్తూ ఉండిపోయారు.

మధ్యాహ్నం భోజనాలు ఒడ్డున. పులిహోర, దద్ధోజనం, ఆవకాయ తీసుకెళ్లాం. అక్కడ పిల్లి కంటే చిన్న నక్కలు తిరుగుతాయి, సంచుల జిప్పులు తీయడంలో ఆరితేరాయి. అందుకే తిండి సామాన్లను ఇనుప పెట్టెల్లో పెట్టి మూయాలి. ఈ ద్వీపపు నక్క 1990 దశకం చివర్లో దాదాపు అంతరించే స్థితికి వచ్చింది. బంగారు గద్దలను దగ్గరికి రానివ్వని బట్టతల గద్దలు (బాల్డ్ ఈగిల్స్) డీడీటీ అనే పురుగుమందు వల్ల కనుమరుగైపోయాయి. దాంతో, ద్వీపంలో వదిలేసిన పందుల పిల్లల కోసం బంగారు గద్దలు (గోల్డెన్ ఈగిల్స్) వచ్చి చేరాయి. అవి నక్కలను కూడా ఎత్తుకుపోయాయి. బంగారు గద్దలను పట్టి తరలించి, పందులను తొలగించి, బట్టతల గద్దలను తిరిగి తెచ్చి, నక్కలను బోనుల్లో పెంచి వదిలారు. 2004లో అమెరికా చట్టం కింద అంతరించిపోతున్న జాతుల జాబితాలో చేరిన ఈ నక్కను 2016లో ఆ జాబితా నుంచి తీసేశారు. అంత త్వరగా కోలుకున్న క్షీరదం ఆ చట్టం చరిత్రలో మరొకటి లేదు. ద్వీపంలో చెత్తకుండీలు ఉండవు, తెచ్చిన ప్రతిదీ తిరిగి మోసుకెళ్లాలి. మన విస్తరాకులతో సహా అన్నీ వెనక్కి తెచ్చాం.

ఈ యాత్ర బయటపెట్టిన విషయం ఈత. కొలను తరగతిలో మాకు అర్థమైంది ఏమిటంటే, మన పెద్దవాళ్లలో, ముఖ్యంగా స్త్రీలలో, చాలామందికి నీళ్లంటే పరిచయమే లేదు. ఊళ్లో మగపిల్లలు వీపుకు ఎండు సొరకాయ బుర్ర కట్టుకుని బావిలో, కాలువలో దూకి నేర్చుకున్నారు. ఆడపిల్లలను గట్టు మీదే ఆపేశారు. ఇక్కడ మన పిల్లలను ఈత తరగతులకు తీసుకెళ్లి, గంటసేపు బెంచీ మీద కూర్చుని తిరిగి తీసుకొస్తున్నది ఆ గట్టు మీద ఆగిపోయిన తల్లులే. కొలను ఉన్న ఇళ్లలో ఉంటున్నాం, సముద్రతీరాలకు వెళుతున్నాం, ఒక పిల్లవాడు జారిపడితే దూకగలిగిన వాళ్లు ఇంట్లో ఉండాలి. నాట్యం, సంగీతం నేర్పించడం మన సంఘం బాధ్యత అయినట్టే ఇదీ బాధ్యతే. ఇంకా ముందే మొదలుపెట్టాల్సిన పని ఇది.

కాబట్టి కార్యవర్గం సర్వసభ్య సమావేశంలో రెండు తీర్మానాలు పెడుతోంది. ఒకటి, పెద్దవాళ్లకు ఏడాది పొడవునా ఈత శిక్షణ, స్త్రీలకు స్త్రీ శిక్షకురాలితో విడిగా తరగతులు. ఖర్చులో సగం సంఘం నిధి నుంచి భరించాలని ప్రతిపాదన. దీనికోసం వార్షికోత్సవ వేదిక అలంకరణ ఖర్చు తగ్గించాల్సి వస్తుంది. ఆ తగ్గింపు చేయదగినదేనని నా గట్టి నమ్మకం, అభ్యంతరం ఉన్నవారు సమావేశంలో తప్పక మాట్లాడండి. రెండు, ద్వీపయాత్రను ఏటా జరిపే కార్యక్రమంగా చేర్చడం. కయాక్ ఎక్కలేని పెద్దలకు అదే పడవలో ద్వీపానికి వచ్చి ఒడ్డున నడిచే ఏర్పాటు ఉంటుంది. భీమిలి పెద్దాయన వచ్చే ఏడాది వరకూ ఇక్కడే ఉంటే, పడవ కుట్టే విధానం గురించి తెలుగు బడి పిల్లలకు ఒక ఆదివారం చెబుతానని మాట ఇచ్చారు.

ఈ యాత్రకు కార్లు నడిపినవారికి, వంట చేసినవారికి, కొలను ఇచ్చిన కుటుంబానికి, తడిసిన బట్టల మూటలు మోసిన యువకులకు సంఘం కృతజ్ఞతలు. ఈత తరగతులకు పేరు ఇవ్వదలచినవారు తమకు వీలైన వారం, వేళ రాసి సర్వసభ్య సమావేశం రోజున కోశాధికారికి అందజేయండి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి