వార్షిక నివేదిక: పండగలు, పద్దులు, ఒతారులో ఒక ఆదివారం

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, వినాయక చవితి, దీపావళి ఎప్పటిలాగే బాగా జరిగాయి. ఫొటోలు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి కాబట్టి మళ్లీ వర్ణించను. ఈ ఏడాది కొత్తగా చేసింది అక్టోబరులో పక్కనున్న రేవు ఊరు ఒతారుకి ప్రయాణం. జపాన్ ఉత్తర దీవి హొక్కైదోలో, సప్పోరోలో ఏళ్లుగా ఉంటున్న మన సంఘం వాళ్లకి ఒతారు అంటే కాలువ, సుషీ, అంతే. "పాత బ్యాంకులు చూద్దాం" అని నేను అన్నప్పుడు కొందరు నవ్వారు కూడా.

హెర్రింగ్ చేపలు, బొగ్గు, ధాన్యం, ఉత్తరాన ఉన్న సఖాలిన్ దీవితో వర్తకం అన్నీ ఒకప్పుడు ఈ రేవు మీదుగానే నడిచాయి. డబ్బు ఉన్నచోటికి బ్యాంకులూ వచ్చాయి. ఇరవైకి పైగా శాఖలు వెలిసి, ఊరికి "ఉత్తరాది వాల్‌స్ట్రీట్" అన్న పేరొచ్చింది. తర్వాత చేపలు తగ్గిపోయాయి, 1945లో జపాన్ చేతిలో ఉన్న దక్షిణ సఖాలిన్ చేజారింది, బ్యాంకులు మూటాముల్లె సర్దుకుని సప్పోరోకి తరలిపోయాయి. భవనాలు మాత్రం ఉండిపోయాయి.

వాటిలో పెద్దక్క బ్యాంక్ ఆఫ్ జపాన్ శాఖ. 1912 నాటిది. టోక్యో స్టేషన్ కట్టిన తాత్సునో కింగో చెయ్యి దీని మీదా ఉంది. 2002లో శాఖ మూసేశారు, మరుసటి ఏడాది మ్యూజియం చేశారు. ప్రవేశం ఉచితం. లోపలా బయటా గోడల మీద 30 గుడ్లగూబలు కాపలా కాస్తుంటాయి. హొక్కైదో మూలవాసులైన ఐనూ ప్రజలకి గుడ్లగూబ ఊరిని కాచే దేవత. మన పెద్దవాళ్లు మాత్రం "బ్యాంకు మీద గుడ్లగూబేమిటి, అపశకునం" అని గొణిగారు.

ఆ మ్యూజియంలోనే పిల్లలు కదలని చోటు ఒకటి ఉంది. పది కోట్ల యెన్ల నమూనా కట్టని ఎత్తి చూడొచ్చు. అంటే పదివేల యెన్ల నోట్లు పదివేలు; ఒక్కో నోటు సుమారు ఒక గ్రాము, మొత్తం పది కిలోలు. "ఓస్, మన బియ్యం బస్తా అంతేగా!" అని ఒక తల్లి తేలిగ్గా ఎత్తేసింది.

మిగతావి గబగబా చూశాం. 1927 నాటి మిత్సుయి బ్యాంకు ఇప్పుడు మ్యూజియం. 1912 నాటి హొక్కైదో బ్యాంకులో వైన్ రెస్టారెంటు నడుస్తోంది.

నాకు బాగా నచ్చింది కితాయిచి గాజు దుకాణం. 1891లో కట్టిన పాత గోదాములో 167 నూనె దీపాలు, రోజూ పొద్దున్నే మనుషులే ఒక్కొక్కటీ వెలిగిస్తారు. లోపలికి అడుగు పెట్టగానే కిరసనాయిలు వాసన. మా అమ్మమ్మగారి ఊరి లాంతరు గుర్తొచ్చి కాసేపు అక్కడే కూర్చుండిపోయాను. కరెంటు రాకముందు ఈ వ్యాపారం దీపాల గాజుతోనే మొదలైందట. తర్వాత చేపల వలలకి కట్టే గాజు బుడ్లు చేశారు. ఇప్పుడు గ్లాసులూ గిన్నెలూ.

కాలువ సంగతి మన సంఘం తప్పక వినాలి. రోడ్డు కోసం దాన్ని పూడ్చేద్దామంటే 1973లో ఊరివాళ్లు సంఘం పెట్టి పదేళ్లకు పైగా పోరాడారు. చివరికి వెడల్పులో కొంత పోయింది, కొంత మిగిలింది. 1986లో ఒడ్డున నడకదారి వచ్చింది. సర్వసభ్య సమావేశానికి కోరం నిండని మనకి ఇది వినడానికే కష్టంగా ఉంటుంది.

భోజనం దగ్గర తప్పు నాదే. చేప వద్దని చెప్పాను గానీ పులుసు నీళ్ల సంగతి అడగలేదు. అందులో ఎండుచేప రసం ఉందని తినబోయే ముందు తెలిసింది. శాకాహారులని ఇంటినుంచి తెచ్చిన పులిహోర ఆదుకుంది. ఇకపై ముందే రాతపూర్వకంగా అడుగుతాం.

రైలు టికెట్లు, భోజనం ఎవరివి వారే పెట్టుకున్నారు. పద్దుల కాగితం కోశాధికారి విడిగా పంపుతారు. వచ్చే ఏడాది హకొదాతే వెళ్దామా అన్నదానిపై ఉగాదిలోగా మీ అభిప్రాయం చెప్పండి. పులిహోర తెచ్చిన స్టీలు డబ్బా మా ఇంట్లోనే ఉంది. మూత మీద పేరు లేదు, ఎవరిదో వచ్చి పట్టుకెళ్లండి.

కార్యదర్శి